చివరి స్ట్రోబ్ దగ్గర ఎన్ని వోల్టులు?

చిరంజీవి మేనల్లుణ్ణి ఆశీర్వదించి మీ అత్త రాయునది.

హాస్టల్ భవనానికి ఫైర్ అలారం స్ట్రోబులు (మెరిసి హెచ్చరించే దీపాలు), స్పీకర్ల సర్క్యూట్లు ఈసారి నువ్వే స్వయంగా డిజైన్ చేయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వినగానే గర్వంతో కళ్లు చెమర్చాయి. ఫోను పెట్టేసిన కాసేపటికే దిగులు మొదలైంది. ఈ పని ఎంత సులువుగా కనిపిస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో నాకు తెలుసు కాబట్టి. ఫోనులో చెబితే అన్నిటికీ "సరే అత్తా" అంటావు, ఆ తరువాత మరిచిపోతావు. కాగితం మీద ఉంటే లెక్క వేసేటప్పుడు పక్కన పెట్టుకుంటావని రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. స్ట్రోబులకు ప్లస్సు, మైనస్సు చూసి కలుపు. సర్క్యూట్ చివర రెసిస్టరు మరవకు. వైరు ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి వరుసగా వెళ్లాలి, మధ్యలో పాయలు తీయకు, ఆ పాయకు ప్యానెల్ (అలారాన్ని నడిపే ప్రధాన పెట్టె) కాపలా కాయలేదు, అక్కడ వైరు తెగినా దానికి తెలియదు. స్ట్రోబ్ వైర్లు, స్పీకర్ వైర్లు వేరువేరు జతలు. రెండూ ఒకే డబ్బాలో ఉన్నా వాటి లెక్కలు మాత్రం వేరు. భవనం ఉన్న చోట ఏ నిబంధనలు అమల్లో ఉన్నాయో ముందు కనుక్కో. నేను ఈ ఉత్తరంలో చెప్పే హద్దులు ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనే అమెరికా ఫైర్ అలారం నిబంధనల ప్రకారం పని చేసేవాళ్లు వాడేవి.

ఇక అసలు సంగతికి వస్తాను. "హాస్టల్‌లో ఉండేది కుర్రవాళ్లే కదా, చెవులు బాగానే ఉంటాయి, స్పీకర్లు గట్టిగా ఉంటే చాలు, స్ట్రోబులు నిబంధన కోసమే" అని మీ నాన్నతో అన్నావట. ఆ మాట నాకు నచ్చలేదు. నీ నోట రావలసిన మాట కాదది. మీ నాయనమ్మను మరిచిపోయావా? చివరి రోజుల్లో ఆవిడకు చెవి యంత్రం లేకపోతే ఉరుము ఉరిమినా వినిపించేది కాదు. ఆ యంత్రాన్ని రాత్రి పడుకునే ముందు తీసి తలగడ పక్కన పెట్టుకునేది. అందరూ అంతే చేస్తారు, చెవిలో పెట్టుకుని ఎవరూ నిద్రపోరు. అంటే అలారం ఎక్కువగా అవసరమయ్యే వేళకే చెవి పని చేయదు. ఏ గదిలో ఎవరు ఉంటారో నీకు తెలియదు. ఈ ఏడాది ఉన్నవాళ్లు వచ్చే ఏడాది ఉండరు. నిన్ను కోప్పడాలని రాయడం లేదు నాన్నా. ఆవిడ చేతి మీద పెరిగినవాడివి కదా, చెబితే ఇట్టే అర్థం చేసుకుంటావని చెబుతున్నాను.

నిద్రపోయే గదుల్లో స్ట్రోబ్ పైకప్పుకు 61 సెంటీమీటర్లు, లేదా అంతకన్నా కిందగా ఉంటే 110 క్యాండెలాల వెలుగు చాలు (వెలుగు తీవ్రతను క్యాండెలాల్లో కొలుస్తారు). అంతకన్నా పైకప్పుకు దగ్గరగా ఉంటే 177 ఉండాలి. పొగ ముందు పైకప్పు కిందే పేరుకుంటుంది, ఆ పొరను చీల్చుకుని వెలుగు మంచం దాకా రావాలి కాబట్టి ఈ తేడా. ఎవరూ నిద్రపోని గదులకు ఇంత అక్కర్లేదు. 6.1 మీటర్ల చదరపు గదికి గోడ మీది స్ట్రోబ్ 15 క్యాండెలాలు ఉంటే సరిపోతుంది. గది పక్కలు రెట్టింపై 12.2 మీటర్లయితే 60 కావాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగింతలు కావాలన్న సూత్రమే ఇది.

వెలుగు ఊరికే రాదు. క్యాండెలాలు పెరిగితే కరెంటూ పెరుగుతుంది. స్ట్రోబ్ వెనక చిన్న జరుపుడు మీట ఉంటుంది, 15, 30, 75, 95, 110, 185 అని అంకెలు ఉంటాయి. బిగించేవాళ్లు "ఎక్కువ ఉంటే మంచిదే కదా" అని అన్నిటినీ 110కి తోసేస్తారు. నీ డిజైన్‌లో 15 ఉన్న చోట 110 వచ్చి కూర్చుంటే కరెంటు కొన్ని రెట్లవుతుంది, నీ లెక్క అంతా కొట్టుకుపోతుంది. ప్రతి స్ట్రోబ్ పక్కన దాని క్యాండెలాలు డ్రాయింగ్‌లో రాయి. బిగించాక మూత వేయకముందే నువ్వే వెళ్లి మీట ఎక్కడుందో వేలితో తాకి చూసుకో. ఇంకొకరు చూశామంటే నమ్మకు.

ఇప్పుడు నేను చూసిన ఒక పొరపాటు చెబుతాను. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మరిచినా ఇది మాత్రం గుర్తుంచుకో.

నేను ఈ పనిలో కుదురుకుంటున్న రోజుల్లో ఒక భవనంలో వార్షిక పరీక్షకు వెళ్లాను. ఆ సర్క్యూట్లు డిజైన్ చేసింది నాకన్నా ఎంతో అనుభవం ఉన్న మనిషి. పని నేర్పినవాళ్లలో ఆయన ఒకరు. ప్యానెల్ కింది అంతస్తులో ఉంది. పై అంతస్తు వెనక భాగంలో ఒక కారిడార్, దాని వెంబడి గదులు. అక్కడ పది స్ట్రోబులు. ప్యానెల్ నుంచి అక్కడికి వైరు పోయే దూరం 150 మీటర్లు, వైరు మందం 1.5 చదరపు మిల్లీమీటర్లు. నీకు లెక్క తేలిగ్గా అందడానికి అంకెలు గుండ్రంగా చేసి చెబుతున్నాను.

ఆయన వేసిన లెక్క ఇది. ఒక్కో స్ట్రోబ్‌కు 24 వోల్టుల దగ్గర 0.1 ఆంపియరు, పదికి ఒక ఆంపియరు. వైరు పోవాలి, రావాలి, కాబట్టి 300 మీటర్లు. 1.5 రాగి వైరుకు కిలోమీటరుకు 12.1 ఓములు, 300 మీటర్లకు 3.63 ఓములు. ఒక ఆంపియరుకు 3.63 వోల్టులు వైరులోనే పోతాయి. 24లోంచి తీసేస్తే 20.37. స్ట్రోబ్ పని చేయడానికి కావలసింది కనీసం 16. నాలుగు వోల్టులకు పైగా మిగులు. ఇంకేం కావాలి? సంతకం పెట్టాడు. ప్రారంభ పరీక్ష మధ్యాహ్నం పూట, మెయిన్ కరెంటు ఉండగా చేశారు. పదికి పది స్ట్రోబులూ మెరిశాయి. అందరూ సంతోషించారు.

ఆ లెక్కలో రెండు తప్పులున్నాయి. రెండూ ఒకే వైపుకు లాగుతాయి.

మొదటిది, 24 వోల్టులతో మొదలుపెట్టడం. మంటలు లేచిన వేళ మెయిన్ కరెంటు ఉంటుందని ఎవరు హామీ ఇచ్చారు? ఆ వేళకు ప్యానెల్ బ్యాటరీల మీద నడుస్తూ ఉండవచ్చు, ఆ బ్యాటరీలు ఒక పగలూ ఒక రాత్రీ భారం మోసి అలసిపోయి ఉండవచ్చు. అందుకే లెక్క 20.4 వోల్టులతో మొదలవ్వాలి, అది 24లో 85 శాతం. కొన్ని ప్యానెళ్లు లోపల కూడా కొంత వోల్టేజీ మింగేస్తాయి, దాని సంగతి వాటి పుస్తకంలో ఉంటుంది, చదివి అదీ తీసెయ్యి.

రెండోది, స్ట్రోబ్‌ను మామూలు బల్బులా చూడడం. బల్బుకు వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది. స్ట్రోబ్ అలా కాదు. సెకనుకు ఒకసారి ఒకే మోతాదు వెలుగు ఇవ్వాలని దాన్ని తయారు చేశారు. ప్రతి మెరుపుకూ లోపలి కెపాసిటర్‌ను అంతే శక్తితో నింపుకోవాలి. వోల్టేజీ తగ్గితే ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. 24 వోల్టుల దగ్గర 0.1 ఆంపియరు తీసుకునేది 16 దగ్గర 0.15 తీసుకుంటుంది. ఇటు 2.4 వాట్లు, అటూ 2.4 వాట్లే. ఎక్కువ కరెంటు లాగితే వైరులో ఇంకా ఎక్కువ వోల్టేజీ పోతుంది. అది పోయేసరికి స్ట్రోబ్ మళ్లీ ఇంకొంచెం ఎక్కువ లాగుతుంది. కాలువలో నీళ్లు తగ్గినప్పుడు పైవాళ్లు మరింత తోడుకుంటే చివరి పొలం ఎండినట్టు, సర్క్యూట్ చివర ఉన్న స్ట్రోబులు ఆరిపోతాయి.

సరైన లెక్క వేస్తే పది స్ట్రోబులకు 1.5 ఆంపియర్లు. 3.63 ఓములతో గుణిస్తే 5.45 వోల్టులు వైరులోనే పోయాయి. 20.4లోంచి తీస్తే 14.95. కావలసింది 16. మొదటి లెక్కలో నాలుగు వోల్టుల మిగులు కనిపించిన చోట ఈ లెక్కలో ఒక వోల్టుకు పైగా లోటు తేలింది. భవనం అదే, వైరూ అదే.

ఇదంతా కాగితం మీద ముందే తెలిసి నేను అక్కడికి వెళ్లలేదు. ముందు రోజు సాయంత్రం మెయిన్ కరెంటు ఆపించి, మర్నాడు మధ్యాహ్నం దాకా బ్యాటరీల మీదే నడవనిచ్చి, అప్పుడు అలారం మోగించమన్నాను. ఇంత పట్టుదల ఎందుకమ్మా అని అక్కడి నిర్వాహకులు విసుక్కున్నారు కూడా. నేను ఆ కారిడార్ చివర నిలబడ్డాను. మొదట్లో ఉన్న స్ట్రోబులు సక్రమంగా మెరుస్తున్నాయి. నాకు దగ్గరగా ఉన్నవి తడబడ్డాయి. ఒకటి మిగతావాటితో కలవకుండా ఒక మెరుపు మెరిసి, ఒకటి వదిలేస్తోంది. ఇంకొకటి రెండు మూడు సార్లు మెరిసి ఆగిపోయింది. చిట్టచివరిది ఒక్కసారి కూడా మెరవలేదు. కిందికి ఫోను చేసి ప్యానెల్ మీద ఏమైనా లోపం చూపిస్తోందా అని అడిగాను. ఏమీ లేదన్నారు. చూపించదు కూడా. వైరు తెగలేదు, చివరి రెసిస్టరు తన చోట తానుంది, ప్యానెల్ కాపలా కాసేది అంతవరకే. చివర ఎన్ని వోల్టులు అందుతున్నాయో అది చూడదు.

ఆ చివరి గదిలో చెవులు వినిపించని ఒక పెద్దాయన ఉండేవాడు. పరీక్ష జరుగుతుందని ఆయనకు రాసి ఇచ్చారట, కానీ వేళ చెప్పలేదు. తలుపు ఎంత తట్టినా పలకలేదు. నిర్వాహకులు తాళం తెచ్చి తీస్తే గోడ వైపు తిరిగి హాయిగా నిద్రపోతున్నాడు. గోడ మీది స్ట్రోబ్ చీకటిగా ఉంది. కారిడార్‌లో చెవులు పగిలేలా అలారం మోగుతోంది. నిజంగా మంటలు ఉండి ఉంటే అన్న ఆలోచనతో నాకు కాళ్లు చల్లబడ్డాయి. మీ నాయనమ్మ అప్పటికి బాగానే వినేది. తరువాత ఆవిడకు చెవులు మందగించినప్పుడల్లా నాకు ఆ గదే గుర్తుకొచ్చేది. నేను ఈ విషయంలో మొండిగా ఉంటానని నువ్వు నవ్వుతూ ఉంటావు చూడు, ఆ మొండితనం అక్కడిది.

ఆ తరువాత జరిగినదాన్ని కూడా తెలుసుకో, నీకూ ఇలాంటి ఒత్తిడే వస్తుంది. బిగించినవాళ్లు వెంటనే ఒక ఉపాయం చెప్పారు. గదుల్లోని స్ట్రోబులను 110 నుంచి తక్కువకు జరిపితే కరెంటు తగ్గుతుంది, చివరిది కూడా మెరుస్తుంది, పరీక్ష గట్టెక్కుతుంది అని. మెరుస్తుంది నిజమే. నిద్రలో ఉన్న మనిషి మేలుకుంటాడా అని అడిగితే జవాబు లేదు. నేను ఒప్పుకోలేదు. డిజైన్ చేసిన పెద్దమనిషి వచ్చాడు. కాగితం తీసుకుని, పక్కన కూర్చుని, మొదటి నుంచి లెక్క వేసుకున్నాడు. రెండో పంక్తి దగ్గరే పెన్ను ఆగిపోయింది. "తప్పు నాది, వైరుది కాదు" అని అందరి ముందూ చెప్పాడు. అంత గౌరవం ఉన్న మనిషి అలా చెప్పడం చూశాక ఆయన మీద నాకు మర్యాద ఇంకా పెరిగింది. 2.5 వైరు వేస్తే కిలోమీటరుకు 7.41 ఓములే, 300 మీటర్లకు 2.22, పోయేది 3.33 వోల్టులు, చివర 17 మిగులుతాయి. సరిపోయేదే కానీ పైపుల్లో కొత్త వైరు లాగడానికి చోటు లేదు. చివరకు ఆ అంతస్తులోనే బ్యాటరీలతో సహా వేరే పవర్ సప్లై పెట్టారు. దాని పైన ఒక పొగ డిటెక్టరు కూడా బిగించారు. నువ్వు అలాంటిది పెడితే ఆ డిటెక్టరు మరవకు. ఎవరూ లేని చోట ఆ పెట్టెకే నిప్పంటుకుంటే ముందు తెలియాలి.

ఇప్పుడు నీ పనికి వద్దాం. స్ట్రోబ్ తయారుచేసినవాళ్లు ఇచ్చే డేటా షీటులో కరెంటు పట్టిక ఉంటుంది. 16 నుంచి 33 వోల్టుల మధ్య ఎక్కడైనా ఆ స్ట్రోబ్ తీసుకునే గరిష్ఠ కరెంటునే తీసుకో, పెద్ద అక్షరాల్లో కనిపించే 24 వోల్టుల అంకెను ముట్టుకోకు. మొదటి లెక్కలో భారం అంతా వైరు చివరే ఉందనుకుని వెయ్యి. అది గట్టెక్కితే ఇంక దిగులు లేదు. గట్టెక్కకపోతే ముక్కలు ముక్కలుగా, స్ట్రోబ్ నుంచి స్ట్రోబ్‌కు లెక్క వెయ్యి. ప్యానెల్ దగ్గర నుంచి సమాన దూరాల్లో పది స్ట్రోబులు ఉంటే నిజంగా పోయే వోల్టేజీ మొదటి లెక్కలో సగానికి కొంచెం పైన ఉంటుంది, ఎందుకంటే వైరు ముందుకు వెళ్లేకొద్దీ మోసే కరెంటు తగ్గుతుంది. అది న్యాయమైన ఊరటే. కానీ నేను చెప్పిన ఆ భవనంలోలా స్ట్రోబులన్నీ చివరే గుమిగూడి ఉంటే ఆ ఊరట దొరకదు. నీ హాస్టల్‌లో వెనక భాగం ఉందని విన్నాను. అందుకే ఇంత చెబుతున్నాను.

పొడవు డ్రాయింగ్ మీద స్కేలు పెట్టి కొలవకు. వైరు పైకప్పు మీదుగా పోయి, ప్రతి స్ట్రోబ్‌కూ గోడ వెంట దిగి, మళ్లీ ఎక్కుతుంది. దూలాలను చుట్టి పోతుంది. ఆ దిగడాలు, ఎక్కడాలు కూడా కలుపు. ఇంకొకటి, 12.1 ఓములు అన్నది 20 డిగ్రీల దగ్గర. ఎండకు కాగే పైకప్పు సందులో 50 డిగ్రీలు ఉంటే రాగి నిరోధం దాదాపు 12 శాతం పెరుగుతుంది. ఇది చాలామంది లెక్కలో ఉండదు. నీ లెక్కలో ఉండాలి.

ప్యానెల్‌కు కూడా హద్దులుంటాయి. ఒక్కో సర్క్యూట్ 2.5 ఆంపియర్లు ఇవ్వగలిగి, అలాంటివి నాలుగు ఉంటే మొత్తం పది ఇస్తుందని అనుకోకు. మొత్తానికి వేరే పరిమితి ఉంటుంది, చాలాసార్లు అది తక్కువే. ప్రతి సర్క్యూట్‌లో ఐదో వంతు ఖాళీ ఉంచు. రేపు ఒక గోడ కట్టి ఒక గదిని రెండు చేస్తారు, అప్పుడు ఇంకో స్ట్రోబ్ కావాలి.

పరీక్ష చేసేటప్పుడు మామూలు మల్టీమీటర్‌తో కరెంటు కొలిచి నిశ్చింతగా ఉండకు. ఒకే చూపులో రెండుకు మించి స్ట్రోబులు కనబడితే అవన్నీ ఒకేసారి మెరిసేలా చేస్తాం కదా, తలా ఒక వేళ మెరిస్తే మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు ప్రమాదమని. దాని వల్ల అన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి, తరువాత ఒకేసారి తగ్గుతాయి. అలారం మొదలైన క్షణంలో ఖాళీ కెపాసిటర్లన్నీ ఒక్కసారిగా నిండుతూ ఇంకా ఎక్కువ లాగుతాయి. ఆ ఎగుడుదిగుడును మామూలు మీటరు సరిగా చూపదు. నిజమైన ఆర్‌ఎమ్‌ఎస్ చూపే మీటరు, అంటే ఎగుడుదిగుడు కరెంటునూ సరిగా లెక్కగట్టేది, అడిగి తెచ్చుకో. అంతకన్నా ముఖ్యం, చివరి స్ట్రోబ్ దగ్గర నిచ్చెన వేసుకుని, అలారం మోగుతుండగా, మెయిన్ ఆపి బ్యాటరీల మీద నడుస్తుండగా వోల్టేజీ కొలువు. ప్యానెల్ దగ్గర కొలిచిన అంకె నాకు అక్కర్లేదు.

స్పీకర్ల సంగతి స్ట్రోబుల కన్నా వేరు. అక్కడ ఆంపియర్లు కావు, వాట్లు కూడుకోవాలి. ప్రతి స్పీకర్‌కూ పావు, అర, ఒకటి, రెండు వాట్ల ట్యాపులు, అంటే ఎంత శక్తి తీసుకోవాలో ఎంచే అమరికలు, ఉంటాయి. ఏ ట్యాపు పెట్టావో అదే దాని భారం. ఇరవై స్పీకర్లు అర వాటు చొప్పున అంటే పది వాట్లు, అంతకన్నా ఎక్కువ సత్తా ఉన్న యాంప్లిఫయర్ కావాలి. 70.7 వోల్టుల లైనులో ఆ పది వాట్లకు 0.14 ఆంపియరు చాలు, 25 వోల్టుల లైనులో 0.4 కావాలి. దూరం ఎక్కువున్న చోట 70.7 లైనే మేలని నేను ఎప్పుడూ అంటాను. వైరులో పది శాతం వోల్టేజీ పోయినా తగ్గేది ఒక డెసిబెల్ కన్నా తక్కువే, ఆ తేడాను చెవి అంతగా పట్టుకోదు. స్ట్రోబ్‌లా స్పీకర్ మొండికేయదు, కొంచెం మెల్లగా పలుకుతుంది, అంతే.

కానీ అక్కడ ఇంకో గొయ్యి ఉంది. స్పీకర్ వెనక 25కా 70కా అని ఎంచే జంపరు ఉంటుంది. 70.7 లైనుకు కలిపిన స్పీకర్‌లో అది పొరపాటున 25 దగ్గర ఉండిపోతే ఒక వాటు ట్యాపు ఎనిమిది వాట్లు లాగుతుంది. అలాంటివి నాలుగైదు ఉంటే యాంప్లిఫయర్ తట్టుకోలేక తనను తాను ఆపేసుకుంటుంది, అంతస్తు మొత్తానికి స్పీకర్లలో చెప్పే సూచనల మాట వినిపించదు. డబ్బాలోంచి తీయగానే జంపరు ఎక్కడుందో చూడమని బిగించేవాళ్లకు చెప్పు, మళ్లీ నువ్వే చూసుకో.

వినిపించడం లేదంటే వెంటనే ట్యాపు పెంచకు. అర వాటును ఒకటి చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే, యాంప్లిఫయర్‌కూ బ్యాటరీకీ మాత్రం ఆ స్పీకర్ భారం రెట్టింపవుతుంది. స్పీకర్‌కు దూరం సగం చేస్తే బయటి బహిరంగ స్థలంలో 6 డెసిబెల్లు కలిసొస్తాయి. అందుకని తక్కువ ట్యాపులో ఎక్కువ స్పీకర్లు పెట్టు. మాట స్పష్టంగా కూడా ఉంటుంది. మెట్లెక్కాలా దిగాలా అన్నది అర్థం కాకపోతే ఎంత గట్టిగా అరిచి ఏం లాభం? పడుకునే గదుల్లో తలగడ దగ్గర 75 డెసిబెల్లు ఉండాలి, గది తలుపు మూసి కొలువు. మేల్కొలిపే ధ్వని 520 హెర్ట్‌జుల తక్కువ స్వరంలో ఉండాలి. వయసుతో ముందు పోయేది హెచ్చు స్వరాలు వినే శక్తే కాబట్టి, కీచుమనే ధ్వని వినికిడి తగ్గినవాళ్లలో చాలామందిని నిద్రలేపదు.

చివరకు బ్యాటరీ. మెయిన్ కరెంటు పోయాక 24 గంటలు కాపలా కాసి, ఆ తరువాత కూడా అలారం మోగించగలగాలి. మామూలు అలారానికి 5 నిమిషాలు చాలు, మాట చెప్పే వ్యవస్థకు 15 నిమిషాలు కావాలి. నీది మాట చెప్పేది. కాపలా వేళ 0.3 ఆంపియరు అనుకుంటే 24 గంటలకు 7.2 ఆంపియర్-గంటలు. అలారం వేళ స్ట్రోబుల మూడు సర్క్యూట్లకు 4.5, 50 వాట్ల యాంప్లిఫయర్‌కు సుమారు 3, ప్యానెల్‌కు అర, మొత్తం 8 ఆంపియర్లు. పావుగంటకు 2 ఆంపియర్-గంటలు. కలిపితే 9.2. దీని మీద 20 శాతం వేసేవాళ్లున్నారు, నేను 25 వేస్తాను. లెడ్ బ్యాటరీని సామర్థ్యం 80 శాతానికి పడిపోయాక మారుస్తారు. అంటే మార్చే ముందు రోజు కూడా అది పని చేయాలంటే కొత్తప్పుడు నాలుగో వంతు ఎక్కువ ఉండాలి. 9.2కి పావు వంతు కలిపితే 11.5, పన్నెండుది సరిపోతుంది. అంచున ఉందనిపిస్తే పెద్దది తీసుకో. యాంప్లిఫయర్ మౌనంగా ఉన్నప్పుడు కూడా కొంత కరెంటు తాగుతుంది, అది 24 గంటలూ సాగుతుంది, కాపలా లెక్కలో దాన్ని వదిలేయకు. మాట చెప్పే వ్యవస్థల్లో బ్యాటరీ చాలకపోతే ముందు చూడవలసింది అక్కడే.

ఇంకొక చిన్న సంగతి. బిగించేవాళ్లు తొందరలో వైరును కోయకుండా, పైతొడుగు కొంచెం ఒలిచి, వంచి స్క్రూ కింద దూర్చి బిగిస్తారు. అలా చేస్తే స్క్రూ వదులై ఆ స్ట్రోబ్ ఊడినా వైరు తెగలేదు కాబట్టి ప్యానెల్ పసిగట్టదు. వైరును కోసి, వచ్చే కొన ఒక స్క్రూ కిందా, వెళ్లే కొన ఇంకో స్క్రూ కిందా పెట్టించు. కొన్నిటి మూత విప్పించి చూడు. ఏవి చూస్తావో ముందే చెప్పకు.

నువ్వు చక్కగా చేస్తావు. చిన్నప్పుడు నా పనిపెట్టెలోంచి మీటరు తీసి ఇంట్లో ఉన్న బ్యాటరీలన్నీ కొలిచి అంకెలు గోడ మీద రాశావు, మీ నాన్న కోప్పడితే నేనే అడ్డు వచ్చాను. ఆ అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. అందుకే నీ మీద నాకు నమ్మకం. భయం కూడా అందుకే, నువ్వు చేసిన లెక్కను ఇంకెవరూ మళ్లీ చూడరని.

లెక్కల పట్టిక తయారయ్యాక నాకు పంపు. అందులో ప్రతి సర్క్యూట్‌కు ఎన్ని స్ట్రోబులు, ఏ క్యాండెలాలు, గరిష్ఠ కరెంటు, వైరు మందం, ఎక్కి దిగిన పొడవుతో సహా దూరం, మొదలుపెట్టిన వోల్టేజీ, చివరి స్ట్రోబ్ దగ్గర మిగిలిన వోల్టేజీ వరుసగా ఉండాలి. చివరి గడిలో 17 కన్నా తక్కువ ఉన్న సర్క్యూట్లకు పక్కన ఎర్ర గీత గీసి పంపు, వాటిని మనిద్దరం కలిసి చూద్దాం. వైరుకు ఆర్డరు పెట్టకముందే పంపు. పెట్టాక పంపితే మందం మార్చమని నేను చెప్పినా ఎవరూ వినరు.

ఆశీస్సులతో,
మీ అత్త